ఇంట్లో ముగ్గురు, మూడు రకాల ఫోన్ ఆటలు: వ్యసనం అని ఎవరి విషయంలో అనుకోవాలి?

ప్రశ్న: హనుమకొండ నుంచి, రెవెన్యూ శాఖ ఉద్యోగిని

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఫోన్‌లో ఆటలు ఆడేవారు ముగ్గురు ఉన్నారు. మా అబ్బాయి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సాయంత్రం నుంచి స్నేహితులతో కలిసి బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అనే తుపాకుల ఆట ఆడతాడు. మా అత్తమ్మ మధ్యాహ్నం పనులు అయ్యాక కొంతసేపు, మళ్లీ రాత్రి నిద్ర పట్టేదాకా క్యాండీ క్రష్ ఆడతారు. రామగుండంలో ఉద్యోగం చేసే మా మరిది, సెలవులకు వచ్చినప్పుడల్లా గది తలుపు వేసుకుని డబ్బులు పెట్టి రమ్మీ ఆడేవాడు. ఇప్పుడు ఆ యాప్‌లు పనిచేయకపోవడంతో, తరువాత ఏ రంగు వస్తుందో చెప్పి పందెం కట్టే మరొక ఆటకు మారాడని మా యారాలు చెబుతోంది.

చుట్టాలు వచ్చినప్పుడు అందరూ తప్పుపట్టేది మాత్రం మా అబ్బాయినే. "పోరడు ఫోన్‌కు బానిసైండు, గుంజుకోరాదు వదినా" అని నాకు సలహా ఇచ్చింది మా మరిదే. మొన్న అన్నానికి పిలిస్తే మా వాడు తల ఎత్తకుండా, "ఇంకొక్క పది నిమిషాలమ్మా, జోన్ చిన్నగైంది, ఇప్పుడు పోతే మావోళ్లు ముగ్గురు సస్తరు" అన్నాడు. కోపంతో ఫోన్ లాక్కున్నాను. వాడు ఆ రాత్రి అన్నం ముట్టలేదు, తలుపు మీద గట్టిగా తన్నాడు కూడా. ఇంతకుముందు అలా ఎన్నడూ చేయలేదు.

వ్యసనాన్ని ఆడే గంటలను బట్టి నిర్ణయించాలా, లేక ఆడే ఆటను బట్టి నిర్ణయించాలా అన్నది నాకు తేలడం లేదు. పరీక్షల ముందు ఫోన్ పూర్తిగా తీసేయడం మంచిదేనా? తెలిసినవారు వివరంగా రాయగలరు.

జవాబు: కాజీపేట నుంచి, ఇంజినీరింగ్ విద్యార్థి

మేడం, నేను బడి రోజుల నుంచి ఈ ఆటలు ఆడుతున్నవాణ్ని. వ్యసనం సంగతి చదువుకున్న పెద్దలకు వదిలేసి, ఏ ఆట మనిషిని ఏ విధంగా పట్టి ఉంచుతుందో మాత్రం చెబుతాను. ఇంట్లోవాళ్లు ఫోన్ ఆటలన్నింటినీ ఒకే గాటన కడతారు గానీ, లోపల వాటి నడక చాలా వేరుగా ఉంటుంది.

బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ వంటివి బ్యాటిల్ రాయల్ రకం. వంద మంది వరకు ఆటగాళ్లు ఒక దీవి మీద పారాచూట్‌తో దిగి, ఆయుధాలు వెతుక్కుంటూ పోరాడతారు. జోన్ అనే సురక్షితమైన వలయం అంచెలంచెలుగా కుంచించుకుపోతూ అందరినీ ఒకచోటికి నెడుతుంది. చివరిదాకా మిగిలిన జట్టు గెలుస్తుంది. పెద్ద మ్యాపులో ఒక మ్యాచ్ దాదాపు అరగంట సాగుతుంది. ఇది సర్వర్‌లో అందరికీ ఒకేసారి నడిచే ఆట కాబట్టి, మధ్యలో ఆపి తిని వచ్చి మళ్లీ అక్కడి నుంచే కొనసాగించే వీలు ఉండదు. నలుగురి జట్టులో ఆడుతున్న మీ అబ్బాయిని జోన్ చిన్నదైన సమయంలో పిలవడం, కబడ్డీలో కూతకు వెళ్లినవాణ్ని అవతలి కోర్టులోంచి రమ్మనడం వంటిది. వాడు చెప్పిన పది నిమిషాలు నిజమే అయి ఉంటాయి.

అసలు చిక్కు ఆ మ్యాచ్‌లో కాదు, దాని తరువాతి మ్యాచ్‌లో ఉంటుంది. ఓడిపోయి లాబీలోకి, అంటే తరువాతి మ్యాచ్‌కు ఎదురుచూసే చోటికి రాగానే మిగిలిన ముగ్గురూ రెడీ నొక్కి ఎదురుచూస్తుంటారు, చెవిలో మైకు నుంచి వాళ్ల మాటలు వినిపిస్తుంటాయి, ఆట ఆ రోజుకు ఇచ్చిన పనులలో ఒకటి మిగిలి ఉంటుంది, సీజన్ ముగిస్తే ర్యాంకు కిందికి జారుతుంది. వీటన్నింటికీ ఎదురు నిలిచి "నేను పోతున్న" అని చెప్పడం పదిహేడేళ్లవాడికి అంత సులువు కాదు. తుపాకుల మోజుకన్నా స్నేహితుల దగ్గర మాట పడకూడదన్న పట్టుదలే వాణ్ని ఎక్కువసేపు కూర్చోబెడుతుందని నా అభిప్రాయం.

డోటా 2, లీగ్ ఆఫ్ లెజెండ్స్ వంటివి ఐదుగురు ఐదుగురితో తలపడే ఆటలు. ఇవి ఇంకా పొడవైనవి; మధ్యలో వదిలి వెళ్లినవారికి ఆటే శిక్ష వేస్తుంది. మా హాస్టల్‌లో మెస్ మూసే వేళ మరిచిపోయేవారిలో వీరే ఎక్కువ. ఇక 2012లో వచ్చిన క్లాష్ ఆఫ్ క్లాన్స్ లెక్క పూర్తిగా వేరు. దానిలో ఒక కట్టడాన్ని పెంచడానికి రోజులకు రోజులు పడుతుంది, క్లాన్ల (ఆటగాళ్ల దండుల) మధ్య యుద్ధానికి ఒక రోజు సన్నాహం, మరొక రోజు పోరు ఉంటాయి. ఆడేది నాలుగైదు నిమిషాల చొప్పున కాబట్టి ఫోన్‌లోని గంటల లెక్కలో తక్కువే కనిపిస్తుంది, కానీ మనసు రోజంతా అక్కడే ఉంటుంది. దీనికి భిన్నంగా, ఒక్కరే ఆడుకునే కథ ఆటలకు ఒక ముగింపు ఉంటుంది. వారం రోజులు వాటిలో మునిగిపోయినా, కథ అయిపోయాక చాలామంది వదిలేస్తారు. మైన్‌క్రాఫ్ట్ వంటి కట్టే ఆటలకు ముగింపు లేకపోయినా, ఒక్కడే ఆడుకుంటున్నప్పుడు అవతల ఎవరూ ఎదురుచూడరు, ఎప్పుడైనా ఆపవచ్చు.

మీ అత్తమ్మగారు ఆడే ఆటను తక్కువ అంచనా వేయకండి. దానిలో ఐదు ప్రాణాలు ఇస్తారు, అవి అయిపోతే ఒక్కొక్కటి తిరిగి రావడానికి 30 నిమిషాలు పడుతుంది. అంటే ఆటే మనల్ని కాసేపు బయటికి పంపి, మళ్లీ గుర్తుచేసి పిలుస్తుంది. ఒక్క ఎత్తు తక్కువై ఓడిపోయిన చోట, మరో ఐదు ఎత్తులు కావాలా అని అడుగుతుంది. గెలుపు చేతిదాకా వచ్చి జారిందన్న భావనే మళ్లీ ఆడిస్తుంది.

చదరంగం గురించి కూడా ఒక మాట చెప్పాలి. వరంగల్‌లో పుట్టిన అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరులో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫిడే) జాబితాలో 2800 రేటింగ్ దాటినప్పటి నుంచి, మా చుట్టాలలో ఎవరి పిల్లలైనా ఫోన్‌లో చదరంగం ఆడుతుంటే పెద్దలు ముచ్చటపడి చూస్తున్నారు. కానీ ఆటగాడికి ఒక్క నిమిషం చొప్పున గడియారం పెట్టుకుని ఆడే బుల్లెట్ చదరంగంలో, రేటింగ్ పోయిందన్న కసితో రాత్రి రెండింటి దాకా ఒకదాని తరువాత ఒకటి నొక్కుతూ పోయేవారిని నేను చూశాను. ఆట పేరు గౌరవప్రదంగా ఉన్నంత మాత్రాన పట్టు తగ్గదు.

మీ అబ్బాయితో నిమిషాల లెక్క కాకుండా మ్యాచ్‌ల లెక్క మాట్లాడండి. తొమ్మిదింటికి అన్నం అంటే, ఎనిమిదిన్నర తరువాత కొత్త మ్యాచ్ మొదలుపెట్టకూడదని ముందే ఒప్పుకుంటే, ఆ మాట వాడు తన జట్టుకు కూడా చెప్పుకోగలుగుతాడు.

జవాబు: కరీంనగర్ నుంచి, క్లినికల్ సైకాలజిస్టు

పై జవాబు రాసిన విద్యార్థి చెప్పినదంతా మా దగ్గరికి వచ్చే కుటుంబాల అనుభవంతో సరిపోతుంది. వైద్యపరమైన సంగతి నేను చేరుస్తాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో గేమింగ్ రుగ్మతను చేర్చింది. ఆ కూర్పును 2019 మేలో సభ్యదేశాలు ఆమోదించాయి, 2022 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది. దానిలో చూడవలసినవి మూడు: ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంతసేపు ఆడాలి, ఎప్పుడు ఆపాలి అన్నవాటిపై అదుపు తప్పడం, తిండి, నిద్ర, చదువు, ఇష్టమైన ఇతర పనులన్నీ వెనక్కి పోయి ఆట ముందుకు రావడం, నష్టం కళ్లముందు కనిపిస్తున్నా ఆట కొనసాగడం లేదా పెరగడం. ఈ మూడింటి వల్ల చదువో ఉద్యోగమో కుటుంబ జీవనమో గణనీయంగా దెబ్బతిని, ఆ స్థితి సాధారణంగా 12 నెలల పాటు కనిపించాలి. లక్షణాలు చాలా తీవ్రంగా ఉంటే అంతకాలం ఆగనక్కరలేదు. రోజుకు ఇన్ని గంటలు ఆడితే రుగ్మత అన్న గీత దానిలో ఎక్కడా లేదు. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన మానసిక రుగ్మతల గ్రంథం డీఎస్‌ఎం-5 మాత్రం ఈ సమస్యను ఇంకా పరిశోధించవలసినదిగానే పేర్కొని, తొమ్మిది లక్షణాలలో ఐదు ఉండాలని ప్రతిపాదించింది. ఆటను ఇష్టపడే మామూలు పిల్లలకు కూడా రోగి అన్న ముద్ర పడుతుందేమోనని ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని చేర్చే ముందు కొందరు పరిశోధకులు బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. ఆ జాగ్రత్త మనకు కూడా అవసరం.

అందువల్ల ఒక్క రాత్రి తలుపు తన్నాడన్న దానిని బట్టి మీ అబ్బాయిని వ్యసనపరుడు అనలేము. నిండు ఆట మధ్యలో చేతిలోని ఫోన్ పోయినప్పుడు వచ్చిన కోపం అది. కాలేజీకి వెళ్లడం మానాడా, ఎన్ని గంటలకు పడుకుంటున్నాడు, ఆట గురించి అబద్ధాలు చెబుతున్నాడా, ఇంతకుముందు ఇష్టంగా చేసిన పని ఏదైనా వదిలేశాడా, ఆట లేనప్పుడు మామూలుగా నవ్వుతూ ఉంటున్నాడా అన్నవి చెప్పగలరా? దిగులు, భయం, చదువులో వెనుకబడ్డామన్న సిగ్గు, ఏకాగ్రత లోపం వంటివి అడుగున ఉండి, ఆట పైకి కనిపించే సందర్భాలు చాలా ఉంటాయి. ముందుగా వాటిని చూడాలి.

అత్తమ్మగారి విషయంలో నేను అడిగేది ఒక్కటే: ఆవిడకు నిద్ర పట్టక ఆడుతున్నారా, ఆడటం వల్ల నిద్ర పట్టడం లేదా? మొదటిదైతే నిద్రకు వైద్యం కావాలి, ఆటను తిట్టి ప్రయోజనం లేదు.

మీ మరిదిగారి ఆట మిగిలిన రెండింటి వరుసలోనిది కాదు. ఆ వర్గీకరణలోనే జూద రుగ్మతకు విడిగా స్థానం ఉంది. మీ ఇంట్లో నాకు తొందరగా చూడవలసినదిగా తోస్తున్నది ఆయన పరిస్థితే.

ప్రశ్న అడిగినవారు

ఇంత ఓపికగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. మా వాడు కాలేజీ మానలేదు, అబద్ధాలు కూడా చెప్పడు. అయితే రాత్రి ఒంటిగంట దాకా మేలుకుంటున్నాడు, గణితంలో మార్కులు తగ్గాయి, ఆదివారం ఉదయం సుబేదారిలోని ఆర్ట్స్ కాలేజీ మైదానానికి క్రికెట్‌కు వెళ్లేవాడు, ఇప్పుడు వెళ్లడం లేదు. ఎందుకని అడిగితే, తనతో వచ్చేవాళ్లంతా ఇప్పుడు ఆటలోనే ఉంటున్నారని చెప్పాడు. ఒకసారి నా ఫోన్‌లోని యూపీఐ ద్వారా ఆటలో వేసుకునే డ్రెస్సు కొన్నాడు, కానీ నన్ను అడిగే కొన్నాడు. మరిది సంగతి మా యారాలు భయంతో పూర్తిగా చెప్పడం లేదు. మెడలోని గొలుసు బ్యాంకులో పెట్టారని మాత్రం తెలిసింది.

జవాబు: మంచిర్యాల నుంచి, బ్యాంకు ఉద్యోగి

గొలుసు మాట చూసి రాస్తున్నాను. బంగారం మీద అప్పుకోసం వచ్చేవారిలో ఇటువంటి కారణాన్ని ఎవరూ నోటితో చెప్పరు, కానీ ఖాతా వివరాలు చూస్తే తెలిసిపోతుంది: అర్ధరాత్రి దాటాక, నిమిషాల తేడాతో, ముందు వంద రూపాయలు, తరువాత ఐదు వందలు, ఆ తరువాత రెండు వేలు, ప్రతిసారీ వేరే వేరే యూపీఐ ఐడీలకు వెళ్లి ఉంటాయి. పోయినదాన్ని తిరిగి రాబట్టుకోవాలని పందెం పెంచుకుంటూ పోవడం ఆ వరుసలోనే కనిపిస్తుంది. రంగు చెప్పే ఆటలో నిమిషానికి ఒక పందెం తేలిపోతుంది కాబట్టి, రమ్మీలో ఒక రాత్రి పట్టే నష్టం దీనిలో గంటలోనే జరిగిపోతుంది. మొదట్లో చిన్న మొత్తాలు గెలిపించి, వెనక్కి తీసుకోనిచ్చి నమ్మకం కలిగిస్తారు. పెద్ద మొత్తం చేరాక డబ్బు వెనక్కి రాదు, అడిగితే పన్ను పేరుతో ఇంకొంత కట్టమంటారు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. తెలంగాణ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లోనే సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది; మన దగ్గర చాలామంది లొకేషన్‌ను మార్చి చూపే యాప్‌లతో ఆ తరువాత కూడా ఆడారు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం దేశమంతటా డబ్బు పందెపు ఆటలను నైపుణ్యం, అదృష్టం అన్న తేడా లేకుండా నిషేధించింది. వాటిని నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ప్రకటనలు ఇచ్చేవారికి, డబ్బు చెల్లింపులు జరిపేవారికి కూడా శిక్షలు ఉన్నాయి. ఆడినవారికి ఆ చట్టంలో శిక్ష పెట్టలేదు, కాబట్టి మీ యారాలు ఆ భయంతో దాచవలసిన అవసరం లేదు. బీజీఎంఐ వంటివి ఈ నిషేధం కిందికి రావు, ఎందుకంటే దానిలో డ్రెస్సు కొనడానికి పెట్టిన డబ్బు పందెం కాదు.

అయినా ఆ డ్రెస్సుల దగ్గర కూడా ఒక కన్ను వేసి ఉంచండి. నచ్చిన దుస్తును నేరుగా ఇంత ధర అని కొనడం ఒక పద్ధతి. ఏది వస్తుందో తెలియని పెట్టెను డబ్బు పెట్టి తెరవడం మరొక పద్ధతి. రెండోదానికీ లాటరీకీ పెద్ద దూరం లేదని భావించే బెల్జియం 2018లో అటువంటి పెట్టెలను జూదంగా పరిగణించింది. జపాన్ అయితే 2012లోనే, విడివిడి బొమ్మలన్నీ సేకరిస్తే పెద్ద బహుమతి ఇచ్చే ఒక రకం పెట్టెలను ఆపించింది. మీ అబ్బాయి కొన్నది ఏ పద్ధతిలోనో ఒకసారి అడిగి చూడండి. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా అమర్చుకోండి, యూపీఐ పిన్ పిల్లలకు చెప్పకండి.

మరిదిగారి డబ్బు ఇటీవలే పోయి ఉంటే, ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేసి, లావాదేవీల వివరాలతో ఫిర్యాదు నమోదు చేయించండి. ఎంత తొందరగా చెబితే అవతలి ఖాతాలో డబ్బును నిలిపే అవకాశం అంత ఎక్కువ.

జవాబు: జగిత్యాల నుంచి, జూనియర్ కాలేజీ అధ్యాపకుడు

అందరూ గంటలు ముఖ్యం కాదని రాస్తుంటే నాకు కొంచెం ఇబ్బందిగా ఉంది. మొదటి పీరియడ్‌లో బల్ల మీద తల వాల్చి నిద్రపోయే పిల్లవాడికి ఏ వర్గీకరణలో పేరు ఉందన్నది నాకు అక్కరలేదు; రాత్రి వాడి చేతిలో ఫోన్ ఉందన్నదే ముఖ్యం. చైనా 2021లో పద్దెనిమిదేళ్ల లోపువారికి శుక్ర, శని, ఆదివారాలలోనూ సెలవు దినాలలోనూ రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఒక్క గంట మాత్రమే ఆన్‌లైన్ ఆటలు అనుమతించింది. మన దేశంలో ప్రభుత్వం నిలిపివేసిన బీజీఎంఐ 2023 మేలో తిరిగి వచ్చినప్పుడు కూడా మైనర్లకు రోజుకు మూడు గంటలు, పెద్దలకు ఆరు గంటలు అని పరిమితి పెట్టారు కదా. పరీక్షలు అయ్యేదాకా ఫోన్ తీసి బీరువాలో పెట్టడమే నా సలహా.

జవాబు: కాజీపేట విద్యార్థి

సార్, ఆ పరిమితి ఖాతాలో ఇచ్చిన వయసును బట్టి పనిచేస్తుంది. మా జూనియర్లు ఇంట్లో పెద్దవాళ్ల ఖాతాతో లోపలికి వెళతారు. బీరువాలో పెడితే స్నేహితుడి ఫోన్ ఉండనే ఉంది.

జవాబు: కరీంనగర్ క్లినికల్ సైకాలజిస్టు

అధ్యాపకులవారి మాటలో నిజం ఉంది. రుగ్మతను నిర్ణయించడానికి గంటలు చాలవు గానీ, నిద్రను కాపాడటానికి గడియారం తప్పకుండా కావాలి. దక్షిణ కొరియా 2011లో పదహారేళ్ల లోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా ఆన్‌లైన్ ఆటలు ఆడకుండా చట్టం చేసింది. దాని పరిధిలోకి ఫోన్ ఆటలు రాలేదు, పిల్లలంతా ఫోన్లకు మారారు, చివరికి 2021లో ఆ చట్టాన్ని ఎత్తివేయాలని నిర్ణయించారు. ఇంట్లో అందరూ కలిసి ఒప్పుకున్న వేళకు అంతకన్నా బలం ఉంటుంది.

హనుమకొండ మేడం గారూ, మీరు చెప్పిన వివరాలను బట్టి మీ అబ్బాయికి రుగ్మత ఉన్నట్లు నాకు అనిపించడం లేదు, అయితే నిద్ర, క్రికెట్ రెండూ తగ్గడాన్ని చూసీచూడనట్లు వదలకూడదు. పదిన్నరకు ఇంట్లోని ఫోన్లన్నీ, మీదీ అత్తమ్మగారిదీ సహా, హాలులో చార్జింగ్‌కు పెట్టేలా చేయండి. ఒక్కడి ఫోన్ తీసుకుంటే అది శిక్ష అవుతుంది. ఆటను ఒక్కసారిగా ఆపించకండి. జట్టులోని నలుగురు పిల్లల తల్లులలో మీకు పరిచయం ఉన్నవారితో మాట్లాడి, రాత్రి చివరి మ్యాచ్ ఎప్పుడో నలుగురికీ ఒకే వేళ పెట్టగలిగితే, వాడికి జట్టును వదిలి వచ్చానన్న చిన్నతనం ఉండదు. ఆదివారం క్రికెట్‌కు వాళ్లనే పిలవవచ్చు. గణితం గురించి మాట్లాడేటప్పుడు ఆట ప్రస్తావన తేకండి. ఏ పాఠం దగ్గర ఆగిపోయాడో ముందు తెలుసుకోండి. మూడు, నాలుగు వారాలైనా మార్పు లేకపోతే, లేదా కాలేజీకి వెళ్లనని మొండికేసినా, తనను తాను గాయపరచుకుంటానని ఒక్కసారి అన్నా, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి తీసుకువెళ్లండి. వెళ్లేటప్పుడు ఏ ఆట, ఎవరితో, పడుకున్న వేళ, లేచిన వేళ ఒక వారం పాటు కాగితం మీద రాసుకుని వెళితే వైద్యుడి పని సులువవుతుంది. ఆ కాగితం అబ్బాయి చేతనే రాయించండి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో సాంకేతిక పరికరాల అతి వాడకం కోసం 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది, అయితే ప్రస్తుతానికి మీకు అంత దూరం అవసరం రాదు.

మరిదిగారి విషయంలో ఆగకండి. అప్పులు తీర్చడానికి ఆయన చేతికి మళ్లీ డబ్బు ఇవ్వకుండా, అప్పు ఇచ్చినవారికి నేరుగా కట్టండి. జీతం ఖాతా మీద కొంతకాలం భార్యకు కూడా చూపు ఉండేలా ఆయననే ఒప్పించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆయన మాట్లాడటానికి ఇష్టపడకపోయినా, మీ యారాలు ఒక్కరే ఫోన్ చేసి ఇంటి పరిస్థితి చెప్పుకోవచ్చు.